పూవన్నె

మా తమ్ముడి కార్ఖానా నుంచి బయటికి వెళ్ళే ప్రతి రంగు పొట్లంలోనూ నాలుగు వేళ్ళ వెడల్పున ఒక కాగితం ఉండేది. ఇరవై ఏళ్ళపాటు దాన్ని రాసింది నేను. కింద నా పేరు ఉండేది కాదు. ఉండాలని నేనూ కోరలేదు. హోలీ పండుగ ఎలా పుట్టిందో, దాన్ని ఎలా జరుపుకోవాలో, ముప్పై ఒక్క సంవత్సరాలు బడిలో భాష బోధించిన మనిషి రాయదగినట్టుగా, ఒక్క అచ్చుతప్పు లేకుండా అందులో ఉండేది.

మొదట హిరణ్యకశిపుడి చెల్లెలు హోలిక కథ. అన్న ఆజ్ఞ మీద ఆమె మేనల్లుడు ప్రహ్లాదుణ్ణి ఒళ్ళో పెట్టుకొని మంటలో కూర్చుంది. అగ్ని అంటదని వరమున్న ఆమె కాలిపోయింది, హరినామం విడవని పిల్లవాడు బతికాడు. తరువాత శివుడి మూడోకంటికి కాముడు బూడిద కావడం, రతీదేవి ఏడుపుకు కరిగి శివుడు అతనికి ఆకారం లేని ప్రాణాన్ని తిరిగి ఇవ్వడం. ఆపైన ఆచారాలు: ఫాల్గుణ పౌర్ణమి సాయంత్రం మంట వేయడం, కొత్త పంట వెన్నులు ఆ మంటలో కాల్చి పంచుకోవడం, మర్నాడు ఆ బూడిద నుదుట పెట్టుకొని రంగులకు దిగడం. వెనకటి కాలంలో మోదుగుపూలు రాత్రంతా నానబెట్టి ఆ కాషాయపు నీళ్ళు చల్లుకొనేవారని ఒక వాక్యం. చిట్టచివర మా సరుకు గురించి మూడే మాటలు: ‘మావి పూవన్నె రంగులు.’

ఇక్కడ చెప్పబోయేది ఆ నడిమి మాట గురించి.

కింద కార్ఖానా, పైన ఇల్లు. మాఘమాసం సగమయ్యేసరికి రెంటికీ మధ్య హద్దు చెరిగిపోయేది. మెట్ల కటకటాలు గులాబీ, తలుపు గడియలు పసుపు. మా మరదలు తాగేనీళ్ళ బిందె మీద రెండు మూతలు పెట్టి, వాటి మీద తడిగుడ్డ కప్పేది. అయినా పొద్దున తాగే మొదటి గ్లాసులో సన్నని ఊదా గీత ఒకటి తేలేది. తెల్లబట్ట అన్నది ఆ నెల రోజులూ మా ఇంట్లో కనిపించేది కాదు. పిట్టగోడ మీద వాలిన పావురాలను చూసి కింద ఏ రంగు జల్లిస్తున్నారో చెప్పగలిగేవాళ్ళం.

కింద పన్నెండుమంది ఆడవాళ్ళు పనిచేసేవారు. వాళ్ళలో పెద్దావిడను అందరూ జల్లెడమ్మ అనేవారు. ఇంచుమించు నా వయసుదే. పిండిలో రంగు కలిపాక ఉండలు లేకుండా జల్లించడం ఆమె పని. ముక్కుకు పాత చీరముక్క కట్టుకొనేది. కళ్ళకు ఏమీ ఉండేది కాదు.

“మా మనవరాలు నన్ను చూసి వారం చెప్పేస్తుందమ్మా,” అంది ఒకసారి, మెట్ల మీద కూర్చుని అన్నం డబ్బా విప్పుతూ. “పసుపైతే సోమవారం, గులాబీ అయితే బుధవారం. మా ఆయన నలభై ఏళ్ళుగా చూస్తున్నాడు. వారం సంగతి అటుంచండి, నేను ఇంట్లో ఉన్నానో లేనో కూడా చెప్పలేడు.”

మా మేనకోడలు రసాయనశాస్త్రం చదివి, ఏడాది కిందట తండ్రి దగ్గరే పనిలో చేరింది. పాత బొగ్గుల గది కడిగించి, అందులో ఒక బల్ల, ఒక చిన్న త్రాసు, నాలుగు వరుసల గాజు గొట్టాలు పెట్టించుకుంది. అంతకుముందు ఏళ్ళలో, ప్రతి తడవ సరుకుకూ ‘ఒంటికి హాని లేదు’ అనే కాగితం మీద బయటి పెద్దమనిషి ఒకాయన, సరుకు మొహమైనా చూడకుండా సంతకం చేసి పంపేవాడు. ఇప్పుడు ఆ చదువు ఇంట్లోనే ఉంది. “ఇక పరాయివాళ్ళ గడప తొక్కనక్కర్లేదు, ఇంటి సంతకమే,” అని తమ్ముడు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకొనేవాడు. కూతురంటే అతనికి అంత గర్వం. ఆ గర్వంలో ఒక లోపం ఉంది. సంతకం అంటే చేయడమే తప్ప, చేయకపోవడం కూడా ఒకటి ఉంటుందని అతనికి తోచలేదు.

పౌర్ణమి ఇంకా ఇరవై రెండు రోజులు ఉందనగా ఆకుపచ్చ రంగు కొత్త డ్రమ్ముల్లో వచ్చింది. ఎప్పుడూ ఇచ్చే వ్యాపారి దగ్గర సరుకు అయిపోయిందని తమ్ముడు ఇంకొకరి దగ్గర తెప్పించాడు. తొలివానకు మొలిచిన గడ్డిలా ఉంది. మరదలు కూడా కిందికి దిగి చూసి ముచ్చటపడింది. ఐదో రోజున జల్లెడమ్మ పనికి రాలేదు.

ఆ మరుసటి మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్ల కూర్చోకుండా నిలబడే మాట్లాడింది. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా మా ఇంట్లో దాని పేరు పిల్లే.

“నాన్నా, ఆకుపచ్చ ఆపేయాలి.”

“ఏమైంది?”

“అది తోళ్ళకి వేసే రంగు. మనుషులకి కాదు. ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి, కంట్లో పడితే ఇంకా చెడ్డది. రెండుసార్లు పరీక్ష చేశా. కావాలంటే మూడోసారి చేస్తా, నువ్వు పక్కన నిలబడి చూడు.”

“ముందు తిను,” అన్నాడు తమ్ముడు అన్నం కలుపుతూ.

“కాగితం మీద సంతకం పెట్టను.”

“ఇప్పుడెవరు పెట్టమన్నారు? తిను.”

“ఇప్పుడనే కాదు. ఎప్పుడూ పెట్టను.”

తమ్ముడు ముద్ద కంచంలోనే వదిలేశాడు. గొంతు పెంచలేదు. అతను ఎప్పుడూ పెంచడు.

“ఏడాదికి ఒక్క పూట పూసుకునేది. పూసుకుంటారు, కడుక్కుంటారు. రోజూ పూసుకు తిరుగుతారా? సగం సరుకు జల్లించి పెట్టాం. పండగ కదమ్మా. పండగపూట ఎవరూ ఏమీ అనుకోరు.”

పండగపూట ఎవరూ ఏమీ అనుకోరు. ఇంతకంటే నీచమైన వాక్యం నా జీవితంలో మరొకటి వినలేదు. అది మా తమ్ముడి సొంతం కాదు. ఏటేటా ఆ ఉదయం వీధి వీధినా వినిపించేదే. వద్దని చేతులు అడ్డం పెట్టిన ఆడపిల్ల మొహానికి రంగు పులిమినవాడు అంటాడు. మంచం పట్టిన ముసలాయన మీద బకెట్టెడు నీళ్ళు కుమ్మరించినవాడు అంటాడు. ఒక ఋతువును, ఒక పంటను, ఒక పసివాడి పట్టుదలను గౌరవించడానికి పుట్టిన పండుగ, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని ఒక పూటగా దిగజారడానికి ఆ ఒక్క వాక్యం సరిపోయింది. ఆ వాక్యాన్ని మా అన్నాల గదిలో విన్నాను. విని, మంచినీళ్ళు తాగాను.

సాయంత్రం తమ్ముడు నా గదికి వచ్చాడు. నేను ఉద్యోగం విరమించినప్పటి నుంచి మేడ మీది ఆ గది నాది. పెళ్ళి చేసుకోని అక్కను ఇంటికి రమ్మని పిలిచింది అతనే; ఒక్కరోజు కూడా ఆ సంగతి గుర్తు చేయనిదీ అతనే. ఇది రాయకపోతే అన్యాయమవుతుంది.

“అక్కా, దాన్ని నువ్వు కూర్చోబెట్టుకుని చెప్పు,” అన్నాడు. “చిన్నప్పట్నుంచీ నీ ఒళ్ళోనే పెరిగింది. నేను చెప్తే మొండికేస్తుంది. మేనత్త మాట కాదనదు.”

“కాదంటే?”

“కాదనదు. నువ్వు పక్కనుంటే దానికి భయం పోతుంది. ఒక్క సంతకం అక్కా. వచ్చే ఏడు పాత రంగే తెప్పిస్తా.”

అతను వెళ్ళాక పుస్తకాల బీరువా తెరిచాను. అన్న చెల్లెలిని పిలుస్తాడు. బిడ్డ నీ ఒళ్ళో అయితే కదలకుండా ఉంటాడు, నువ్వు కూర్చో అంటాడు. ఆ వాక్యాన్ని ఇరవై ఏళ్ళుగా కొన్ని లక్షల పొట్లాల్లోకి పంపినదాన్ని నేను. హోలిక ఏమని బదులిచ్చిందో పుస్తకాలు తీసి వెతికాను. నా బీరువాలో ఉన్న ఏ కథనంలోనూ ఆమెకు ఒక్క మాట లేదు. వరం ఉంది, ఒడి ఉంది, మంట ఉంది. నోరు లేదు. ఆజ్ఞాపించిన అన్నను చంపడానికి దేవుడే స్తంభం చీల్చుకొని రావలసి వచ్చింది. పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని గడప మీద, అంత మర్యాదగా పోయాడు. చెల్లెలికి కట్టెలు చాలాయి. కొన్నిచోట్ల నేటికీ ఆ మంట చుట్టూ చేరి ఆమెను బూతులు తిడతారు, అదీ ఆచారమే. బిడ్డను కాల్చబోయిన పాపానికి ఏటేటా ఆమెను కాల్చడం పట్ల నాకు అభ్యంతరం లేదు. కాల్చమన్నవాడి పేరు చెప్పి ఒక్క పుల్లైనా వేయకపోవడం పట్ల ఉంది.

ఇంత తెలిసినదాన్ని, మర్నాడు పొద్దున పిల్లను ఒప్పించడానికే మెట్లు దిగాను. దాచను.

బొగ్గుల గదిలో పిల్ల వడపోత కాగితాలు ఆరబెడుతోంది. ఒక్కో తెల్లటి కాగితం నడుమ ఒక్కో ఆకుపచ్చ మచ్చ.

“నాన్న పంపాడా?” అంది తలెత్తకుండా.

“నేనే వచ్చాను.”

“మెట్ల మీద అడుగులు వింటే తెలుస్తుంది అత్తా. నీ అంతట నువ్వు వస్తే గబగబా దిగుతావు.”

నేను ఆలోచించి పెట్టుకొన్న మార్గం చెప్పాను. ‘హాని లేదు’ అన్న మాటే కదా అడ్డు. అది తీసేసి ‘పరీక్షించడమైనది’ అని మాత్రం రాస్తే? పరీక్షించిన మాట నిజం. ఫలితమేమిటని అడగనివాడికి చెప్పవలసిన బాధ్యత లేదు. కింద నీ సంతకం ఉన్నా నువ్వు అబద్ధమాడినట్టు కాదు.

పిల్ల అప్పుడు నా మొహంలోకి చూసింది. చేతులు తుడుచుకొని, సొరుగులోంచి పోయిన ఏటి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

“అత్తా, పూవన్నె అంటే ఏంటి?”

“పువ్వు వంటి వన్నె.”

“పూలతో చేసిన రంగా?”

“కాదు. పువ్వు రంగును పోలినది.”

“పైన మోదుగుపూలు నానబెట్టేవాళ్ళని రాసి, దాని కిందే ఇది రాస్తే, చదివినవాళ్ళు ఏమనుకుంటారు?”

“వాళ్ళు అనుకున్నదానికి...” అని మొదలుపెట్టి ఆగిపోయాను.

“అయినా ఆకుపచ్చ పువ్వు ఎక్కడుంది అత్తా?”

ఇరవై ఏళ్ళ కిందట తమ్ముడు, ‘పూలతో చేసినవని రాయి అక్కా,’ అన్నాడు. రాయనన్నాను. నేను భాషాపండితురాలిని, అబద్ధం రాయను. రెండు రోజులు ఆలోచించి ఆ మాట తెచ్చి ఇచ్చాను. అతను చదివి, ‘రెండూ ఒకటే కదా,’ అన్నాడు. ‘కాదు, తేడా ఉంది,’ అన్నాను. ఆ క్షణంలో నాకు కలిగినది సంతోషం. అబద్ధం ఎవరైనా చెప్పగలరు. ఒక్క అబద్ధపు మాట లేకుండా అబద్ధం చెప్పడానికి చదువు కావాలి.

“నిన్న జల్లెడమ్మ ఇంటికి వెళ్ళొచ్చాను,” అంది పిల్ల. “మొదటిరోజే కళ్ళు మండాయట. వెంటనే నీళ్ళతో కడుక్కుంటే తగ్గేదేమో. మూడు రోజులు కడుక్కోలేదు.”

“ఎందుకు?”

“పూలేగా, కళ్ళకి చలవే, అంది. పంతులమ్మగారు రాశారుగా, అంది.”

వడపోత కాగితం ఒకటి బల్ల మీంచి జారి నా కాళ్ళ దగ్గర పడింది. వంగి తీసి ఇచ్చాను. ఆ తరువాత మేము సంతకం గురించి మాట్లాడుకోలేదు.

జల్లెడమ్మది రెండు వీధుల అవతల, వెనకవైపు ఒంటి గది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. ఆమె మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుంది, రెండు కళ్ళకూ తడి దూది పెట్టి, పైన కట్టు.

“ఎవరూ?”

“నేను. మేడ మీద...”

“పంతులమ్మగారా. కూర్చోండి. కుర్చీ మీద బట్టలుంటే కింద పడేయండి. ఎవరూ చూడరు. నేనైతే అసలే చూడను.”

“డాక్టరు ఏమన్నాడు?”

“కుడిది పర్లేదట. ఎడమది చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఆయన చూస్తాడట, నేను కాదు.” తానే చిన్నగా నవ్వింది. “మా మనవరాలు మీ కాగితం బడిలో అప్పజెప్పిందమ్మా. హోలీ ఎలా పుట్టిందో చెప్పమంటే గుక్కతిప్పుకోకుండా చెప్పేసిందట. టీచరు చప్పట్లు కొట్టించింది.”

నేను వచ్చిన పని ఇంకా వాయిదా వేస్తే ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

“ఆ కాగితంలో చివరి మాటకు పూలతో చేసినవని అర్థం కాదు.”

“మరి?”

“పూల రంగులో ఉన్నవని.”

ఆమె ఒళ్ళో పెట్టుకున్న చేతులు మోచేతుల దాకా ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

“అలాగైతే నా చీర కూడా పూల రంగేగా అమ్మా,” అంది. “కట్టుకుంటాను. కంట్లో పెట్టుకోను కదా.”

“అవును.”

“ముందే ఒక్క ముక్క చెప్పకపోయారా.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పడానికి నా దగ్గర భాష ఉండేది.

ఇంటికి వచ్చి తమ్ముడితో, “పిల్ల పెట్టదు. నేను చెప్పను. ఆ రంగు పంపకు. అక్కడ ఒక మనిషి కన్ను పోయేటట్టుంది,” అన్నాను.

“మంచి డాక్టరు దగ్గరికి నేనే పంపాను కదా. ఇంకేం చెయ్యమంటావు?” అన్నాడు విసుగ్గా. “పిల్ల పెట్టకపోతే మానె. పాతాయన ఉన్నాడు.”

పాతాయన సంతకం మర్నాడు మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. ‘ఒంటికి హాని లేదు.’ కాగితం తెచ్చినవాడు మా ఇంట్లో టీ తాగి వెళ్ళాడు. అతని చేత ఒక చిటికెడు రంగైనా ఎవరూ పంపలేదు, ఆ పెద్దమనిషి అడగనూ లేదు.

అదే రోజు నేను ప్రెస్సుకు వెళ్ళాను. ప్రెస్సాయన ఆ కాగితాన్ని ఇరవై ఏళ్ళుగా అచ్చు వేస్తున్నాడు; అచ్చుకు ముందు దాన్ని నాతోపాటు ఆసాంతం చదివేవాడు ఆయన ఒక్కడే.

“జాగా చాలదు పంతులమ్మగారూ,” అన్నాడు నా రాతప్రతి చూసి. “కింద నాలుగు వాక్యాలు పెంచారు. పైన ఏదో ఒకటి తీయాలి.”

“కాముడి కథ తీసేయండి.”

“పాపం, మళ్ళీ కాల్చారన్నమాట.” నవ్వుతూనే కొత్త వాక్యాలు పెదవులతో చదువుకున్నాడు. చదివాక నవ్వలేదు. “ఇది మీ తమ్ముడుగారికి తెలుసా?”

“రాసేది నేను.”

“తిట్లు తినేది నేను కదండీ.”

“కింద నా పేరు వేయండి. ఇంటిపేరుతో సహా. అప్పుడు తిట్లు ఎవరికి చెందాలో అందరికీ తెలుస్తుంది.”

ఆ వాక్యాలు ఇవి: ‘ఈ రంగులు పూలతో చేసినవి కావు. ఇంతకాలం అలా అనిపించేటట్టు రాసినది నేనే. ఈ ఏటి ఆకుపచ్చ రంగు తోళ్ళకు వేసేది. దాన్ని ఒంటికి, కంటికి తగలనివ్వకండి.’

కాగితాల కట్టలు ఎప్పటిలాగే ప్రెస్సు నుంచి నేరుగా పొట్లాల గదికి వెళ్ళాయి. తమ్ముడు వాటిని ఎన్నడూ విప్పి చూసేవాడు కాదు. అక్క రాసినదాన్ని సరిచూడడమేమిటన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను వాడుకున్నాను. తెలిసే వాడుకున్నాను.

పౌర్ణమి ఇక వారమే ఉందనగా, ఒకరోజు పదకొండు గంటల వేళ కింద జల్లెళ్ళ చప్పుడు ఆగిపోయింది. నేను మెట్ల మలుపు దాకా దిగాను. పొట్లాలు మడిచే ఒక పడుచు కాగితం వెలుతురుకు పట్టి పైకి చదువుతోంది. తక్కినవాళ్ళు ముక్కుగుడ్డలు కిందికి లాక్కుని వింటున్నారు. తమ్ముడు లోపలికి వచ్చాడు.

“ఏంటి, ఆపారు?”

“చదువుతున్నామండీ.”

“మిమ్మల్ని చదవడానికి పెట్టానా, మడవడానికి పెట్టానా?”

“మడవాలంటే చూడాలి కదండీ. చూశాక అక్షరాలు ఊరుకుంటాయా.”

అతను కాగితం తీసుకొని చదివాడు. చివర పేరు దగ్గర బొటనవేలు ఆగింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఈ కాగితాలు వద్దు. ఉత్త పొట్లాలు కట్టండి.”

ఎవరూ కదలలేదు. వెనక వరసలోంచి ఎవరో, చుట్టాల క్షేమం అడిగినంత మామూలుగా, “జల్లెడమ్మ కళ్ళు ఎలా ఉన్నాయండీ?” అని అడిగారు.

“పసుపు కడతాం, గులాబీ కడతాం,” అంది పడుచు. “ఆకుపచ్చ మేం ముట్టుకోమండీ.”

మాట కటువుగా లేదు. చేతిలో ఉన్న ఆకుపచ్చ పొట్లాన్ని మాత్రం, వేడి గిన్నె దించినట్టు, జాగ్రత్తగా నేల మీద పెట్టింది. పదకొండుమందీ పెట్టారు.

ముందుగదిలో తమ్ముడు నా ఎదుట నిలబడేసరికి మరదలు, పిల్ల కూడా అక్కడే ఉన్నారు.

“ఇరవై ఏళ్ళు అడ్డం రానిది ఇవాళ నీకు గుర్తొచ్చింది,” అన్నాడు.

“అవును. ఆలస్యమైంది.”

“నాకు చెప్పకుండా.”

“చెప్పాను. నువ్వు పాతాయన ఉన్నాడన్నావు.”

“అచ్చు వేయించే ముందు మాతో ఒక్క మాట అనాల్సింది వదినా,” అంది మరదలు.

“అన్నాల దగ్గర పిల్ల అంది. అందరం విన్నాం,” అన్నాను.

మరదలు తల తిప్పుకుంది. తమ్ముడు జేబులోంచి కాగితం తీసి నా ముందు బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేశాడు.

“మీరు చదువుకున్నవాళ్ళు,” అన్నాడు. “మీ ఇష్టం.”

బుద్ధి తెలిసినప్పటి నుంచి అతను నన్ను మీరు అనడం అదే మొదటిసారి. మన భాషలో తిట్టు చేసే గాయం కంటే గౌరవవాచకం చేసే గాయం లోతుకు దిగుతుంది. ఈ సూత్రాన్ని నేను బడిలో ఎన్నడూ చెప్పలేదు, అప్పటికి నాకే తెలియదు.

తక్కిన రంగులు నా కాగితంతోనే వెళ్ళాయి. వేరే కాగితం అచ్చు వేయించే వ్యవధి లేకపోయింది. కాగితం లేకుండా కట్టడానికి ఆ ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. కొన్ని దుకాణాల వాళ్ళు సరుకు తిప్పి పంపారు. ఎక్కువమంది పంపలేదు. చదివినవాళ్ళు ఎందరో నాకు తెలియదు.

పండుగ ఉదయం వీధిలోవాళ్ళు పదిమంది మా గుమ్మం ముందుకు వచ్చారు. ప్రతి ఏడూ అందరికంటే ముందు కిందికి దిగే తమ్ముడు ఆ రోజు లోపలిగది తలుపు తీయలేదు. పిల్ల దిగింది. ఎదురింటి వాళ్ళబ్బాయి, పిల్లతోపాటు చదువుకున్నవాడే, గుప్పిట నిండా రంగుతో ముందుకు వచ్చాడు.

“పండగ కదా, ఏమీ అనుకోకు,” అని చెయ్యి లేపాడు.

“అనుకుంటాను,” అంది పిల్ల.

లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ మాటకు అలాంటి జవాబు ఉంటుందని అతనికి ఎవరూ నేర్పినట్టు లేదు.

“ఏ రంగది? పొట్లం చూపించు,” అంది. అతను జేబులోంచి తీసి చూపించాడు. చూసి, “ఇది పర్లేదు,” అని తన వేలితో కొంచెం తీసుకొని అతని నుదుట పెట్టింది; తరువాత తన నుదురు ముందుకు వంచింది. అతను చాలా జాగ్రత్తగా, పరీక్ష రాస్తున్నవాడిలా, ఒక్క వేలితో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా మెట్ల మీద నుంచి చూస్తే అది పండుగలాగే కనిపించింది.

జల్లెడమ్మ ఎడమ కంటికి వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తున్నాయి. రంగులు తెలియవు. మళ్ళీ పనికి వచ్చింది. ఇప్పుడు పొట్లాలు లెక్కపెట్టే చోట కూర్చుంటుంది. కింద అందరికీ కళ్ళకు అద్దాల తొడుగులు వచ్చాయి. పిల్ల తెప్పించింది, తమ్ముడు వద్దనలేదు.

ఆకుపచ్చ డ్రమ్ములు మాత్రం పెరట్లోనే ఉండిపోయాయి. వాటిని అమ్మిన వ్యాపారి తిరిగి తీసుకోవాలంటే ఆ రంగు ఎందుకు పనికిరాదో రాతపూర్వకంగా కావాలన్నాడు. పాతాయన కాగితం దానికి అక్కరకు రాదు. ఆయనకు ఒకటే వాక్యం వచ్చు. పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున తమ్ముడు బొగ్గుల గదికి తానే వెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. కొద్దిసేపటికి కాగితం పట్టుకొని మేడెక్కి, నా గది గడప అవతలే నిలబడ్డాడు.

“వ్యాపారికి పంపాలి,” అన్నాడు. “ఒకసారి చూసి పెట్టండి. ఇందులో ఇంకో అర్థం ఏదైనా ఉందేమో.”

కళ్ళద్దాలు పెట్టుకొని చదివాను. ‘ఈ రంగు మనుషుల ఒంటికి పనికిరాదు. పరీక్షించినది నేను.’ కింద పిల్ల సంతకం, తేదీ.

రెండోసారి కూడా చదివాను.

“లేదు,” అన్నాను. “రాసినంతే ఉంది.”